సైకిల్ తాళం ఎన్ని నిమిషాలు ఆపుతుంది?

విజయవాడలో ఏ సైకిల్ షాపుకు వెళ్ళినా గోడకు వేలాడే తాళాలు వంద, నూట యాభై దగ్గర మొదలవుతాయి. ఆన్‌లైన్‌లో వెతికితే ఐదారు వేలు దాటినవీ కనిపిస్తాయి. చౌకదాని మీదా ఖరీదైనదాని మీదా రాతలు మాత్రం ఒకేలా ఉంటాయి: హెవీ డ్యూటీ, యాంటీ థెఫ్ట్, హార్డెన్డ్ స్టీల్. కొడుక్కి ఎనిమిది వేలు పెట్టి గేర్ల సైకిల్ కొనిచ్చిన తండ్రికి వాటిలో ఏది తీసుకోవాలో తేలదు. ట్యూషన్ బయట పెట్టిన సైకిల్ పోయిందనీ, సెల్లార్‌లో తాళం వేసి ఉన్న సైకిల్ కూడా పోయిందనీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. తాళం వేసినా పోయేటట్టయితే ఇంక తాళం ఎందుకు అన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది.

దానికి జవాబు తాళం ధరలో దొరకదు. తాళం ఏ పని చేయగలదు, ఏ పని చేయలేదు అన్నది ముందు విడదీసి చూడాలి.

## "తాళం వేశాను" అంటే రెండు వేర్వేరు పనులు

మొదటి పని చక్రం తిరగకుండా చేయడం. రెండో పని సైకిల్‌ను కదలని వస్తువుకు కట్టేయడం. మన ఊళ్ళలో ఎక్కువ సైకిళ్ళకు ఉండేది మొదటి రకం తాళమే. అది వెనక చక్రం పైన ఫ్రేముకు బిగించి ఉంటుంది, నొక్కితే వంపు తిరిగిన కడ్డీ పుల్లల మధ్య నుంచి దూరి అవతల పడుతుంది. ఇక ఆ సైకిల్‌ను తొక్కుకుంటూ పోవడం కుదరదు. అయితే వెనక భాగం చేత్తో ఎత్తిపట్టి ముందు చక్రం మీద నడిపించుకుంటూ పోవచ్చు. ట్రాలీ ఆటోలో పడేసుకుని పోవచ్చు. మామూలు స్టీలు సైకిల్ ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, గేర్లది పదిహేను కిలోల చుట్టూ ఉంటుంది. ఒక మనిషి ఎత్తగలిగిన బరువే. పైగా వెనక చక్రం ఎత్తి నడిపించుకుపోయేవాణ్ణి చూస్తే పంక్చర్ అయిందేమో అనుకుంటాం తప్ప దొంగ అనుకోం. సెల్లార్‌లో "తాళం వేసి ఉన్న" సైకిల్ పోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. చక్రానికి తాళం పడింది, సైకిల్ దేనికీ కట్టి లేదు.

అలాగని ఆ చక్రం తాళం పనికిరానిది కాదు. టీ కొట్టు దగ్గర సైకిల్ కళ్ళెదుట పెట్టుకుని రెండు నిమిషాలు ఆగడానికి అంతకంటే తేలికైన సాధనం లేదు. జనాభా కంటే సైకిళ్ళు ఎక్కువగా ఉన్న నెదర్లాండ్స్‌లో కూడా ఇదే రకం తాళం వాడతారు. కాకపోతే అక్కడ దానికి తోడు ఒక గొలుసు వేసి కటకటాలకో కమ్మీకో కట్టడం అలవాటు. సమస్య చక్రం తాళంలో లేదు, దాన్ని కట్టిపడేసే తాళం అనుకోవడంలో ఉంది.

## పాత సైకిల్ ఎందుకు పోతుంది

"నా డొక్కు సైకిల్ ఎవడికి కావాలి" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. లెక్క వేసి చూద్దాం. పాత సైకిల్ బరువు 18 కిలోలు, పాత ఇనుము కిలో 30 రూపాయలు అనుకుంటే తుక్కుగా అమ్మినా 540 రూపాయలు వస్తాయి. కాళేశ్వరరావు మార్కెట్‌కు కూరలు తెచ్చుకునే మనిషికో, తెల్లారకముందే పేపర్లు వేసే కుర్రాడికో అదే సైకిల్ మళ్ళీ కొనాలంటే సెకండ్ హ్యాండ్‌లో కూడా రెండు మూడు వేలు కావాలి. సైకిల్ దొరికేదాకా పని ఆగిన రోజుల కూలి దానికి అదనం. పోగొట్టుకున్నవాడి నష్టానికి, ఎత్తుకుపోయినవాడి లాభానికి పొంతన ఉండదు. దొంగ చూసేది బిల్లు మీద ధర కాదు, ఎంతసేపట్లో పని అవుతుంది, ఎంత చప్పుడవుతుంది, ఎవరైనా చూస్తారా అన్నదే.

అందుకే దొంగతనాలను రెండు రకాలుగా చూడాలి. దారిన పోతూ అవకాశం కనిపించి ఎత్తుకుపోయేవాడు ఒక రకం. వాడి దగ్గర పనిముట్లు ఉండవు, ఉన్నా చిన్న కటింగ్ ప్లేయర్ మాత్రమే. ఫలానా సైకిల్ కోసమే సంచిలో కట్టర్ పెట్టుకుని వచ్చేవాడు రెండో రకం. మొదటివాణ్ణి మంచి తాళం ఆపేస్తుంది. రెండోవాణ్ణి ఆలస్యం చేస్తుంది, అంతే. కోయలేని తాళం అంటూ లోకంలో లేదు. ఒక తాళం గట్టిదని చెప్పారంటే, ఏ పనిముట్టుకు, ఎన్ని నిమిషాలు, ఎంత చప్పుడయ్యేదాకా నిలబడుతుందని అడగాలి.

## షాపు గోడ మీద ఉన్నవాటి తేడాలు

ఎక్కువగా అమ్ముడుపోయేది కేబుల్ తాళం. తేలిగ్గా ఉంటుంది, పాములా చుట్టుకుంటుంది, రంగులు బాగుంటాయి. లోపల ఉండేవి సన్నని ఇనుప తీగలు మెలివేసిన తాడు, పైన ప్లాస్టిక్ తొడుగు. అట్ట మీద 12 మి.మీ. అని రాసి ఉంటే అది చాలాసార్లు తొడుగుతో కలిపి చెప్పిన మందం. లోపలి తీగ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కేబుళ్ళు కోసే కట్టర్ సాయంతో ఇది సెకన్లలో తెగుతుంది, పెద్దగా చప్పుడు కూడా కాదు. నా ఉద్దేశంలో కేబుల్ పని వేరు. ఫ్రేమును గట్టి తాళంతో కట్టాక ముందు చక్రాన్నో సీటునో దానికి కలిపి ఉంచడానికి అది సరిపోతుంది. ఒంటరిగా సైకిల్‌ను కాపాడే శక్తి దానికి లేదు.

నంబర్ తాళం దగ్గర ఇంకో తికమక ఉంది. మూడు చక్రాల తాళానికి 000 నుంచి 999 వరకు 1,000 కలయికలు. సెకనుకు ఒకటి చొప్పున తిప్పినా అన్నీ చూడటానికి 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. నాలుగు చక్రాలైతే 10,000 కలయికలు, రెండు గంటల ముప్పావు పైన. కాగితం మీద ఇది బాగానే ఉంది. చౌక తాళాల్లో మాత్రం కొండీని కొంచెం లాగి పట్టుకుని ఒక్కో చక్రం తిప్పుతుంటే సరైన అంకె దగ్గర పట్టు మారడం వేలికి తెలిసిపోతుంది. అలా విడివిడిగా తెలిసిపోయే తాళంలో మూడు చక్రాలకు చూడాల్సింది పదీ, పదీ, పదీ కలిపి ముప్పై మాత్రమే. వెయ్యి కాస్తా ముప్పైకి పడిపోతుంది. తాళం చెవి పోగొట్టుకునే పిల్లలకు నంబర్ తాళం సౌకర్యమే, ఆ సౌకర్యానికి కట్టే ధర ఇది.

గొలుసు, తాళం కప్ప జతగా వాడేవాళ్ళూ ఉన్నారు. ఈ జతలో ఏది బలహీనమో దాని బలమే మొత్తం బలం. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన దొరికే గేటు గొలుసు మామూలు మెత్తని ఇనుము, హాక్సా బ్లేడుతో నిదానంగా తెగిపోతుంది. లింకు చివరలు వెల్డ్ చేయకుండా వంచి వదిలేసి ఉంటే కోయాల్సిన పని కూడా లేదు, విప్పదీయవచ్చు. సైకిళ్ళ కోసమే చేసిన గట్టి గొలుసు వేరు. దాని లింకులు వెల్డ్ చేసి, వేడి చేసి గట్టిపరచినవి, పైన గీతలు పడకుండా గుడ్డ తొడుగు ఉంటుంది. పది మిల్లీమీటర్ల లింకుల గొలుసు మీటరు పొడవుంటే బరువు రెండు కిలోలు దాటుతుంది.

యూ ఆకారపు తాళంలో వంపు తిరిగిన లావుపాటి కడ్డీ ఉంటుంది, దాని రెండు చివరలూ అడ్డపట్టీలో దిగుతాయి. వంగదు కాబట్టి మెలితిప్పడం కష్టం, లోపల ఖాళీ తక్కువ కాబట్టి గడ్డపార దూర్చడం కష్టం. కొనేటప్పుడు ఒక విషయం గమనించాలి. కడ్డీ రెండు వైపులా తాళం పడేదైతే తీయడానికి రెండు చోట్ల కోయాలి. ఒకవైపే పడేదైతే ఒక్క కోత చాలు, కడ్డీ తిరిగి ఊడివస్తుంది. ఇక మడత తాళం అంటే ఇనుప పట్టీలను రివెట్లతో కలిపినది. మోయడానికి బాగుంటుంది. దాడి ఎప్పుడూ ఆ రివెట్ల దగ్గరే జరుగుతుంది.

## మిల్లీమీటర్ల వెనక లెక్క

8 మి.మీ. కడ్డీకి, 13 మి.మీ. కడ్డీకి చూపులో తేడా చిన్నదే. కట్టర్ తెంపాల్సింది అడ్డకోత వైశాల్యాన్ని, అది వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 8 మి.మీ. కడ్డీకి వైశాల్యం సుమారు 50 చదరపు మిల్లీమీటర్లు, 13 మి.మీ.కు 133, 16 మి.మీ.కు 201. అంటే 8 నుంచి 16కు పోతే లోహం రెండింతలు కాదు, నాలుగింతలు. చేత్తో పట్టుకుపోగలిగే బోల్ట్ కట్టర్‌కు 8 మి.మీ. తేలిక. గట్టిపరచిన 13 మి.మీ. దగ్గర చిన్న కట్టర్లు ఆగిపోతాయి. 16 దాటితే చేతి కట్టర్లతో పని కావడం చాలా కష్టం.

మందం ఒక్కటే చూస్తే కూడా మోసపోతాం. ఇనుము ఎంత గట్టిపరిచారన్నది రెండో సంగతి. బాగా గట్టిపరచిన ఉక్కు మీద హాక్సా బ్లేడు పట్టు దొరక్క జారిపోతుంది. లోపలిదాకా అంత గట్టిగా చేస్తే సుత్తి దెబ్బకు పెళుసుగా విరిగే ప్రమాదం ఉంది. అందుకే మంచి తాళాల కడ్డీని పైపొర చాలా గట్టిగా, లోపలి భాగం కాస్త సాగే గుణంతో ఉండేలా తయారుచేస్తారు. ఈ రెండు గుణాలూ కంటికి కనిపించవు. చౌక తాళానికీ మంచి తాళానికీ ధరలో తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

ఇక తిరిగే డిస్కుతో ఇనుము కోసే గ్రైండర్. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్ళినా కనిపించే యంత్రమే, ఇప్పుడు బ్యాటరీతో నడిచేవి చిన్న సంచిలో పట్టేస్తున్నాయి. దాని ముందు మామూలు ఉక్కు మందం కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల తేడా మాత్రమే. దాని చప్పుడు, నిప్పురవ్వలు దాచడం మాత్రం కుదరదు. అందుకే గ్రైండర్ భయం ఉన్న చోట, తాళం ఎంత లావుగా ఉందన్నదాని కంటే, సైకిల్ పెట్టిన చోట ఎవరికైనా ఆ చప్పుడు వినిపిస్తుందా అన్నదే ముఖ్యమవుతుంది.

## లీవర్లు ఎక్కువైతే తాళం గట్టిదా

తాళం కప్పల మీద 6 లీవర్లు, 7 లీవర్లు అని రాసి ఉంటుంది. ఎక్కువ లీవర్లుంటే తాళం పగలదని చాలామంది నమ్మకం. లీవర్ అంటే లోపల ఉండే చిన్న పలక. చెవి పళ్ళు ఒక్కో పలకనూ దానికి తగిన ఎత్తుకు లేపితేనే తాళం తెరుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ బారన్ 1778లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. పలకలు ఎక్కువైతే వేరే చెవి పట్టడం, తీగతో తెరవడం కష్టమవుతాయి. పగలగొట్టడానికీ కోయడానికీ దానితో సంబంధమే లేదు. 7 లీవర్ల కప్పకు సన్నని కొండీ ఉంటే బోల్ట్ కట్టర్ ఆ లీవర్ల జోలికి పోదు, కొండీని తెంపుతుంది.

అలాగని లోపలి అమరికను తేలిగ్గా తీసుకోకూడదు. 2004లో అమెరికాలో జరిగింది దానికి పెద్ద ఉదాహరణ. క్రిప్టోనైట్ అనే పేరున్న కంపెనీ యూ తాళాలు గుండ్రటి చెవితో తెరుచుకునేవి. మామూలు బిక్ బాల్‌పెన్ను గొట్టాన్ని ఆ రంధ్రంలో నొక్కి తిప్పితే తాళం తెరుచుకుంటోందని వీడియోలతో సహా బయటపడింది. కంపెనీ లక్షల తాళాలను ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కడ్డీలో లోపం లేదు, తాళం తెరిచే చోట లోపం ఉంది. ఆ తర్వాత మంచి సైకిల్ తాళాల్లో బల్లపరుపు చెవులు, తిరిగే బిళ్ళల అమరిక ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. ఇప్పటికీ గుండ్రటి గొట్టం లాంటి చెవితో చౌక తాళం కనిపిస్తే ఒకసారి ఆలోచించాలి.

మన వాతావరణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కృష్ణ ఒడ్డున ఉక్కపోతకు, వానలకు తాళం లోపల తుప్పు పట్టడం తొందరగా జరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలాంటి నీటిలో మునిగి ఒండ్రు చేరిన తాళం బయటికి బాగానే కనిపిస్తుంది, చెవి మాత్రం లోపల విరుగుతుంది. చాలామంది వంటనూనె వేస్తారు. అది దుమ్ముతో కలిసి జిగురుగా మారుతుంది. పెన్సిల్ ములికి చేసే గ్రాఫైట్ పొడి దుమ్మును పట్టుకోదు. చెవి రంధ్రం నేల వైపు ఉండేలా తాళం వేస్తే వాన నీరు నిలవదు, సుత్తితో కొట్టడానికీ తేలిగ్గా అందదు.

## రేటింగులను ఎంతవరకు నమ్మాలి

అట్ట మీద కంపెనీ వేసుకున్న "లెవెల్ 8", "లెవెల్ 10" అంకెలు ఆ కంపెనీ సొంత కొలతలు. ఒకరి 8ని ఇంకొకరి 10తో పోల్చడానికి లేదు. బయటివాళ్ళు పరీక్షించి ఇచ్చే ముద్రలు వేరు. బ్రిటన్‌లో నార్తంబ్రియా, ఎసెక్స్ పోలీసులు కలిసి 1992లో మొదలుపెట్టిన సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ సైకిల్ తాళాలకు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ స్థాయిలు ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ అనే సంస్థ నక్షత్రాలు ఇస్తుంది. నిర్ణయించిన పనిముట్లతో, నిర్ణయించిన సమయం పాటు మనుషులే దాడి చేసి చూస్తారు.

ఈ ముద్రలు మనకెందుకు అనేవాళ్ళ వాదనలో నిజం లేకపోలేదు. ఆ పరీక్షలు అక్కడి దొంగలను, అక్కడి బీమా కంపెనీలను దృష్టిలో పెట్టుకున్నవి. మన షాపుల్లో ఎక్కువ తాళాలకు ఏ ముద్రా ఉండదు, ఉన్నవి దిగుమతి ధరకు వస్తాయి. అవతలి వాదన ఏమిటంటే, ఉక్కు ఎక్కడైనా ఉక్కే, బోల్ట్ కట్టర్ లండన్‌లోనూ గవర్నరుపేటలోనూ ఒకేలా పనిచేస్తుంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఒక్క షరతుతో: ముద్ర ఫలానా మోడల్‌కు ఇచ్చినది, కంపెనీ మొత్తానికి కాదు. గ్రైండర్ డిస్కునే అరగదీసే పూతతో హిప్‌లాక్, లైట్‌లాక్ లాంటి కంపెనీలు ఈమధ్య తాళాలు తెచ్చాయి. వాటి ధర మన డబ్బుల్లో ఇరవై వేల చుట్టూ, ఆ పైన ఉంటుంది. మన దగ్గర తొక్కే చాలా సైకిళ్ళ కంటే అదే ఎక్కువ.

## దేనికి కట్టాలన్నదే అసలు చిక్కు

తాళం గట్టిదైనా అవతలి వస్తువు బలహీనమైతే దొంగ దాని మీద పడతాడు. విజయవాడ రోడ్ల మీద సైకిల్ కట్టడానికని వేసిన కమ్మీలు అరుదు, కాబట్టి జనం దొరికినదానికి కడతారు. నో పార్కింగ్ బోర్డు పొట్టిదైతే సైకిల్‌ను పైకెత్తి తీసేయవచ్చు. చెట్టు చుట్టూ వేసిన కంచె చేత్తో ఊగుతుంది. పక్కకు జరిపే గేటు కొన్నిసార్లు పట్టాలోంచే లేచి వస్తుంది. కరెంటు స్తంభం గట్టిదే, కానీ వానాకాలంలో ఇనుప స్తంభానికీ దాని స్టే వైరుకూ సైకిల్ కట్టడం ప్రాణాలతో చెలగాటం. అది ఎంత అందుబాటులో ఉన్నా వద్దు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇంకో ఇబ్బంది. పిల్లర్లు తాళం పట్టనంత లావు. మెట్ల కమ్మీలకు కడితే దారికి అడ్డమని గొడవ. అసోసియేషన్ వాళ్ళు గోడ పక్కన నేల కాంక్రీటులో లావు ఇనుప కడియాలు దింపిస్తే అయ్యే ఖర్చు ఒక్క మంచి తాళం ధరకు మించదు, అక్కడున్న సైకిళ్ళన్నీ వాటికి కట్టుకోవచ్చు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్గం నాకు కనిపించలేదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో కోచింగ్ సెంటర్ల బయట వరసగా నిలబెట్టే సైకిళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కడియం లేని చోట ఇద్దరు స్నేహితులు తమ సైకిళ్ళ ఫ్రేములను ఒకదానికొకటి కలిపి కట్టుకున్నా, రెండు సైకిళ్ళను ఒకేసారి మోసుకుపోవడం ఒక్కడి వల్ల కాదు.

సైకిల్‌లో ఏ భాగాన్ని కట్టాలి? ముందు చక్రాన్ని మాత్రమే కడితే, చేత్తో తిప్పి ఊడదీసే లీవర్ ఉన్న గేర్ల సైకిళ్ళలో చక్రం ఒక్కటే మిగులుతుంది. ఫ్రేముకు తాళం పడాలన్నదానిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆ తర్వాత భేదం ఉంది. అమెరికాలో సైకిల్ మెకానిక్‌గా, రచయితగా పేరు పొందిన షెల్డన్ బ్రౌన్ చిన్న యూ తాళాన్ని వెనక చక్రం దగ్గర ఫ్రేము గొట్టాల త్రికోణం లోపల, రిమ్ము చుట్టూ వేస్తే చాలన్నారు. చక్రం ఆ త్రికోణం దాటి రాదు కాబట్టి ఫ్రేము కూడా కట్టినట్టే. కాదనేవాళ్ళు, రిమ్మును కోసేసి ఫ్రేముతో పోవచ్చు కదా అంటారు. బిగుతుగా ఉన్న పుల్లలు, గాలి నిండిన టైరు ఉన్న రిమ్మును కోయడం తేలిక కాదన్నది బ్రౌన్ వైపు జవాబు. మన మామూలు సైకిల్‌కు ఈ చర్చ వేరేగా ఉంటుంది. మడ్‌గార్డు, చైన్ కవరు, క్యారేజీ ఉన్న చోట చిన్న యూ తాళం దూరదు. వాటికి ఫ్రేము, వెనక చక్రం రెండూ కలిసేలా గొలుసు వేయడమే కుదురుతుంది. ఆ గొలుసు నేలకు ఆనకూడదు. నేల మీద ఉన్న లింకు మీద కట్టర్ ఒక పిడి ఆనించి, రెండో పిడి మీద ఒంటి బరువంతా వేయవచ్చు.

## పది శాతం సూత్రం ఎవరికి సరిపోతుంది

సైకిల్ ధరలో పదోవంతు తాళానికి పెట్టాలని ఒక మాట ప్రచారంలో ఉంది. ముగ్గురి విషయంలో దాన్ని పరీక్షిద్దాం.

సత్యనారాయణపురంలో ఇంటర్ చదివే అమ్మాయి సైకిల్ 9,000. పదోవంతు 900. ఆ డబ్బుకు ఓ మోస్తరు గొలుసు తాళం వస్తుంది, పగటిపూట కాలేజీ కాంపౌండులో అది చాలు. సూత్రం ఇక్కడ బాగానే పనిచేసింది.

పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదుగా తొక్కి వచ్చే ఉద్యోగి సైకిల్ 45,000. పదోవంతు 4,500. మంచి యూ తాళం వస్తుంది. అయితే అతను టిఫిన్ కోసం పది నిమిషాలు ఆగడం తప్ప బయట ఎక్కడా పెట్టడు, రాత్రి ఇంట్లో పెట్టుకుంటాడు. కిలోన్నర బరువు మోయడం అతనికి భారం. అతనికి ఉన్న ప్రమాదం తక్కువసేపటిది, చక్రాలు ఊడదీసుకుపోవడం లాంటిది.

మూడోది 2,500కు కొన్న పాత సైకిల్ మీద రాత్రిపూట పనికి వెళ్ళే మనిషి. పదోవంతు 250, అంటే కేబుల్. తెల్లవార్లూ రోడ్డు పక్కన ఉండేది ఆ సైకిలే, పోతే జీవనం ఆగేది కూడా అతనికే. సూత్రం అందరికంటే బలహీనమైన తాళాన్ని అతనికే ఇచ్చింది. సైకిల్ ధర చూసి తాళం ఎంచుకోవడంలో లోపం ఇదే. ఎక్కడ, ఎంతసేపు, ఏ వేళ వదిలేస్తామో, పోతే ఏమవుతుందో చూస్తే లెక్క మారిపోతుంది.

## టోకెన్ ఇచ్చే స్టాండు బాధ్యత

రైల్వే స్టేషన్, బస్టాండు స్టాండుల్లో డబ్బు కట్టి పెడితే భయం లేదనుకుంటాం. టోకెన్ మీద "వాహనం పోతే మా బాధ్యత లేదు" అని ఉంటుంది. చట్టం దృష్టిలో రెండు పరిస్థితులు వేరు. వస్తువును ఒకరికి అప్పగించి, తిరిగి తీసుకునే షరతుతో ఇస్తే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ కింద వస్తుంది. అప్పుడు తీసుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువు విషయంలో పడేంత జాగ్రత్త పడాలని 151వ సెక్షన్ చెబుతుంది. ఒట్టి స్థలం మాత్రమే అద్దెకిస్తే అంత బాధ్యత ఉండదు. ఢిల్లీలో ఒక హోటల్ సిబ్బందికి తాళాలు అప్పగించిన కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు 2019లో, వాహనం తన స్వాధీనంలోకి తీసుకున్న హోటల్ తన నిర్లక్ష్యాన్ని టోకెన్ మీది రాతతో కప్పిపుచ్చుకోలేదని చెప్పింది. టోకెన్ చూపించనిదే సైకిల్ బయటికి పంపని స్టాండు ఆ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. చీటీ ఇచ్చి ఎవరినీ ఆపని స్టాండు విషయంలో వాదనకు చోటుంది. టోకెన్‌ను జాగ్రత్తగా దాచుకోవాల్సింది అందుకే.

## పోయాక: 5,000 రూపాయల గీత

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చోరీకి 303వ సెక్షన్. మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోయిన వస్తువు విలువ 5,000 లోపు ఉండి, దొంగకు అది మొదటి నేరమై, వస్తువో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఇలాంటి చిన్న చోరీని నాన్ కాగ్నిజబుల్‌గా పెట్టారు. అంటే పోలీసులు ఫిర్యాదు రాసుకుంటారు కానీ మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు.

దీన్ని సమర్థించేవాళ్ళు, ఆకలికి చిన్న దొంగతనం చేసినవాణ్ణి జైలుకు పంపి పెద్ద దొంగను చేయకూడదంటారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. విమర్శించేవాళ్ళు, పేదవాడి సైకిల్ ఎప్పుడూ 5,000 లోపే ఉంటుంది, దాన్ని వెతికే పనే మొదలవకుండా పోతుందంటారు. ఇదీ నిజమే. 2022లో 6,800కు కొన్న సైకిల్ ఈ రోజు విలువ ఎంతో ఎవరు తేల్చాలి? బిల్లు ఉంటే ఫిర్యాదులో ఒక అంకె రాయడానికి ఆధారం ఉంటుంది. సైకిల్ రోడ్డు మీద కాకుండా ఇంట్లోంచి, లేదా వస్తువులు భద్రపరిచే భవనంలోంచి పోతే 305వ సెక్షన్ వర్తించవచ్చు. అందులో ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది, ఈ 5,000 మినహాయింపు లేదు. ఎక్కడి నుంచి పోయిందో ఫిర్యాదులో స్పష్టంగా రాయడం అందుకే అవసరం.

వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటి బిళ్ళలను సీటు కింద దాచేవాళ్ళు పెరిగారు. అందులో జీపీఎస్ ఉండదు. దగ్గరలో ఉన్న వేరేవాళ్ళ ఫోన్ల ద్వారా తన చోటు చెబుతుంది. ఎవరికైనా తెలియకుండా వెంట పెట్టి వేధించకూడదని, తెలియని బిళ్ళ మీతో కదులుతోందని అదే ఎదుటివాడి ఫోన్‌కు హెచ్చరిక కూడా పంపుతుంది. దొంగకు కూడా ఆ హెచ్చరిక వెళ్ళవచ్చు. మ్యాపులో చుక్క కనిపించిందని ఒక్కరే ఆ ఇంటి తలుపు తట్టడం ప్రమాదం. ఆ చుక్క పోలీసులకు చూపించాల్సిన సమాచారం.

పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో ఆపడానికి కేంద్రం నడిపే వ్యవస్థ ఉంది, సైకిల్‌కు అలాంటిది లేదు. జపాన్‌లో సైకిల్ కొన్నప్పుడే పోలీసు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన దగ్గర ఉన్నది ఫ్రేము మీద గుద్దిన నంబరు ఒక్కటే. పెడళ్ళు తిరిగే ఇరుసు గూడు కింద, సైకిల్‌ను తలకిందులు చేస్తే కనిపిస్తుంది. కొన్నిటికి సీటు గొట్టం మీదో హ్యాండిల్ కింద గొట్టం మీదో ఉంటుంది. ప్రభుత్వ బడుల్లో అమ్మాయిలకు బడికొస్తా పథకం కింద ఇచ్చిన సైకిళ్ళ లాంటివి రంగు, ఆకారం అన్నీ ఒకటే. వాటిని వేరుచేసేది ఆ నంబరే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకూ అది రక్షణ. దొంగ సొత్తని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కొంటే 317వ సెక్షన్ కింద కొన్నవాడికీ మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. నంబరు గీకేసి ఉన్న ఫ్రేము అలాంటి కారణమే అవుతుంది.

సైకిల్ దొరికినా వెంటనే ఇంటికి రాదు. కేసు నమోదై ఉంటే అది కోర్టు సొత్తుల జాబితాలో చేరుతుంది. కేసు తేలేదాకా వాడుకోవడానికి తాత్కాలికంగా ఇప్పించమని యజమాని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు. అక్కడ చూపించాల్సినవి కొన్న బిల్లు, సైకిల్ ఫొటో, ఆ ఫ్రేము నంబరు.